జమ్ము పిట్టలు ఎక్కడికీ పోలేదు

పోయిన నెల సికింద్రాబాద్‌లో మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక శిక్షణ తరగతి పెట్టారు. మా వృత్తి అంటే, ఎక్కడైనా రోడ్డో ఫ్యాక్టరీయో కట్టాలనుకున్నప్పుడు ముందుగా ఆ చోటికి పోయి, అక్కడ ఏ చెట్టుంది, ఏ పురుగుంది, ఏ పిట్ట గూడు పెట్టింది అని చూసి రిపోర్టు రాసిచ్చే పని. పేరుకు పర్యావరణ సలహాదారులం. మా సలహా విన్నవాళ్లు తక్కువ కాబట్టి మా ఆవిడ మమ్మల్ని వట్టి రాతగాళ్లంటుంది. పెద్దవాణ్ణని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. పాఠం చెప్పే కుర్రాడు మంచి చురుకైనవాడు. రిపోర్టు అమ్ముకుంటే ఏమవుతుందో చెప్తానని ఒక కథ ఎత్తుకున్నాడు. వెనకటికి ఈ ఊళ్లోనే ఒక పెద్దాయన ఉండేవాడట. చెరువులో జమ్ము గడ్డి నిండా పిట్టలు అరుస్తుంటే ఒక్కటి కూడా లేదని రాశాడట. "చెవుల్లో నోట్లు కుక్కుకుని పోయాడేమో!" అన్నాడు కుర్రాడు. హాలంతా నవ్వింది. పేరు చెప్పలేదు గానీ, ఆ పెద్దాయన మా బావ. నేను శాలువా సర్దుకుంటూ కూర్చునే ఉన్నాను. టీ ఇచ్చారు, తాగాను. చప్పట్లు కొట్టారు, నా చేతులు కూడా కలిశాయి. అసలు జరిగిందేమిటో తెలిసినవాళ్లం ఇక ఇద్దరమే మిగిలాం, నేనూ మా అక్కా. అందుకే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. పుట్టి పెరిగింది చిలకలగూడలోనే, వాళ్ల నాన్నగారు రైల్వేలో గుమాస్తా. మాది గుంటూరు. రెండు కుటుంబాలదీ ఒకే మిషన్ సంఘం కావడంతో సంబంధం కుదిరింది గానీ, మాటతీరు కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆయన "పరేషాన్ చేయకు" అంటే అక్క "మీ పరేషాన్లు మీ దగ్గరే పెట్టుకోండి, నాకు ఉన్నవి చాలు" అనేది. నేను డిగ్రీ చదువుకోవడానికి వచ్చి వాళ్లింట్లో దిగాను, మళ్లీ గుంటూరు పోలేదు. అప్పటికి బావ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. ఆదివారం చర్చి క్వైర్‌లో పాడేవాడు. మిగిలిన టైమంతా పిట్టలకే. కట్టడాలకు మా రిపోర్టులు తప్పనిసరి అని నిబంధన వచ్చాక ఉద్యోగం మానేసి, మేడ మీద గదిలో రెండు బల్లలు వేసి ఆఫీసు పెట్టాడు. మొదటి ఉద్యోగిని నేను. చాలా ఏళ్లు చివరి ఉద్యోగిని కూడా నేనే. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. శ్రీకాకుళంలో రేవు అంటే రైలెక్కేవాళ్లం, ఆదిలాబాద్‌లో గని అంటే బస్సెక్కేవాళ్లం. స్టేషన్ దగ్గరే ఇల్లు కావడం మా కంపెనీకున్న ఒకే ఒక్క సదుపాయం.

ఆ ఇంట్లో ఏది ఆఫీసో ఏది కాపురమో చెప్పడం కష్టంగా ఉండేది. ఆఫీసు బల్ల కింద ఆవకాయ జాడీ, దాని పక్కన స్పిరిట్‌లో నానుతున్న కప్ప. ఎండాకాలం డాబా మీద అక్క వడియాలు పెట్టేది. అదే డాబా మీద, అదే పాత చీర ఇంకో కొసన, బావ గుడ్లగూబలు కక్కిన ఉండలు ఆరబెట్టేవాడు. అవి ఏ ఎలకల్ని తిన్నాయో ఆ ఉండల్లోని ఎముకల్ని బట్టి తెలుస్తుంది. ఒకసారి పాస్టరుగారు ప్రార్థనకు వచ్చి, చల్లగాలికి డాబా ఎక్కి, మర్యాదగా ఒకటి చేతిలోకి తీసుకుని "అమ్మా, ఇవి ఏం వడియాలు?" అని అడిగారు. అక్క ఆ చీరను మధ్యకు చింపేసిన రోజు అదే. అంతకన్నా పెద్ద తగువు ఆదివారాలది. పిట్టలు పొద్దున్నే పలుకుతాయి, ఆరాధన కూడా పొద్దున్నే. ఆయన బూట్లకు బురదతో, మెడలో బైనాక్యులర్స్‌తో, రెండో కీర్తన మధ్యలో వచ్చి వెనక నుంచి గొంతు కలిపేవాడు. అక్క తల తిప్పకుండానే పెదాలు బిగించేది. ఆయనకి తను పిలిస్తే వినబడదనీ, పిట్ట పిలిస్తే మైలు దూరం నుంచైనా వినబడుతుందనీ అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అది మా ఇంట్లో వాడి వాడి నునుపెక్కిన హాస్యం. ఎంత వాడామంటే, దానిలో రెండో సగం అబద్ధమవుతున్న సంగతి ఎవరం గమనించలేదు.

మా పనిలో కంటికన్నా చెవికే పని ఎక్కువ. ఆకుల చాటున ఉన్న పిట్ట కనబడదు, అరుస్తుంది. తెలిసినవాడు ఆ అరుపును బట్టే పేరు చెప్తాడు. తెల్లవారుతుండగా ఒకచోట నిలబడి, బావ కళ్లు మూసుకుని తల కొంచెం ఎడమకు వంచేవాడు. కూత వినబడిన దిక్కుకు వేలు చూపించి పేరు చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ణి. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. వినేవాడు రాయకూడదు, రాసేవాడు వినకూడదు. ఇద్దరూ వింటే ఒకే పిట్ట రెండుసార్లు లెక్కలోకి వస్తుందని ఆయన భయం. కొత్తలో ఒకసారి నేను ఉత్సాహం పట్టలేక "బావా, అదుగో లకుముకి" అన్నాను. ఆయన కళ్లు తెరవకుండానే, "నీకు చెవులెందుకు రా? ఇంటికాడ పెట్టి రా" అన్నాడు. ఆ తర్వాత నేను నోరు విప్పలేదు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అంతకన్నా తేలికైన పద్ధతి ఇంకోటి దొరకలేదు నాకు.

ఒక వానాకాలం సాయంత్రం డాబా మీద కూర్చున్నాం. ముసురు పట్టి వెలిసింది. ఎక్కడ చూసినా కీచురాళ్ల రొద. బావ టీ గ్లాసు పక్కన పెట్టి, "ఈ ఏడు కీచురాళ్లు లేవేందిరా?" అన్నాడు. మెట్ల మీద బట్టలు తీస్తున్న అక్క, "నా అరుపులే వినబడవు, వాటివేం వినబడతాయి!" అంది. అందరం నవ్వాం. బావ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలోంచే ఆయన సిద్ధాంతం పుట్టింది. పురుగులు పోతున్నాయి, పురుగుల్ని తినే చిన్న పిట్టలు ఊరు విడిచిపోతున్నాయి అని. సన్నగొంతు పిట్టలన్నీ ఏటికేడు ఆయన జాబితాల్లోంచి జారిపోతున్నాయి. కొంగలున్నాయి, నీటికోళ్లున్నాయి, కాకులకు కొదవే లేదు. సన్నవే లేవు. ఆయన బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి నిగనిగలాడే వంకాయలు తెచ్చి, కాలేజీల్లో పిల్లల ముందు పైకెత్తి చూపించేవాడు. "పుచ్చు లేని వంకాయ చూసిన్రా? గా పుచ్చే పిట్టకు బువ్వ. మందు కొట్టి పిట్ట నోటికాడిది గుంజుకున్నం" అనేవాడు. పిల్లలు కదిలిపోయేవారు. చర్చిలో యువజనుల కూటంలో చెబుతూ ఒకసారి ఆయన కళ్లు తడిశాయి కూడా. అక్కకు మాత్రం ఆ ఉపన్యాసాల పుణ్యాన ఇల్లంతా వంకాయలే.

మందులు నిజం, వంకాయలు నిజం. అందుకే ఆ సిద్ధాంతం అంత బాగా అతికింది.

తర్వాత కాప్రా అవతల ఒక చెరువు పక్కగా వెడల్పు రోడ్డు వేస్తారని ఆ రిపోర్టు పని మాకొచ్చింది. చెరువుకు ఒక పక్క ఎత్తుగా పెరిగిన జమ్ము ఉంది. అందులో చిన్న పిట్టలు ఉంటే రోడ్డు ఆ జమ్మును ముట్టకూడదు. లేకపోతే ఒక కొస పూడ్చుకోవచ్చు. బావ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని తల వంచాడు. కొంగ అన్నాడు, నీటికోడి అన్నాడు, లకుముకి అన్నాడు. ఆయన ఎదురుగా జమ్ములోంచి సన్నని గొంతులు, దూరంగా ఎవరో గాజులు కలుపుతున్నట్టు, ఎడతెగకుండా వినిపిస్తున్నాయి. వాటికి శాస్త్రంలో వేరే పేర్లున్నాయి, మేం ఇంట్లో జమ్ము పిట్టలనేవాళ్లం. ఆయన వాటి పేరు ఎత్తలేదు. నేను కలం పట్టుకుని ఎదురుచూశాను. ఆయన కళ్లు తెరిచి, "అయిపోయింది, పా" అన్నాడు.

ఇక్కడ నా మనసులో ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. అప్పటికి నాకు పెళ్లయి, బోయిన్‌పల్లిలో వేరు కాపురం పెట్టాను. కంపెనీకి పనులు తగ్గిన కాలం. రోడ్డు వాళ్లు ఇంకో రెండు పనులిస్తామని ఆశ పెట్టారు. బావ మా అందరి కోసం, ముఖ్యంగా నా కోసం, ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోతున్నాడని అనుకున్నాను. అడగలేదు. పైగా ఇంత పంతం మనిషి నా కోసం వంగాడని ఆయన మీద ప్రేమ పెరిగింది. బయటివాళ్లు ఆయన్ని అమ్ముడుపోయాడన్నారు, అది తర్వాత సంగతి. అందరికన్నా ముందు అనుకున్నవాణ్ణి నేను.

ఊరివాళ్ల అభిప్రాయాలు వినడానికి చెరువు దగ్గరే షామియానా వేసి, అధికారులు సభ పెట్టారు. అలాంటి సభల్లో రిపోర్టు రాసినవాడు వేదిక మీద కూర్చుని జవాబులివ్వాలి. బావ పక్కన ఫైళ్లతో నేను. ఆదివారాలు పిట్టలు చూసే బృందంలోని ఒక అమ్మాయి, బ్యాంకులో పనిచేసేది, చేతిలో టేప్‌రికార్డర్‌తో లేచింది. "సర్, మీరు ఒక్కటి కూడా లేదని రాసిన జమ్ములో నిన్న పొద్దున రికార్డ్ చేశాను" అని దాన్ని మైకు ముందు పెట్టింది. షామియానా అంతా ఆ సన్నని గొంతులతో నిండిపోయింది. వెనకాల ఎవరో ఈల వేశారు, ఆడవాళ్లు నవ్వారు. బావ తల ఎడమకు వంచి శ్రద్ధగా విన్నాడు. ఇంకొంచెం వంచాడు. తర్వాత మైకు దగ్గరికి జరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అమ్మా, టేపు ఖాళీగున్నది. మల్ల పెట్టు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సభ భగ్గుమంది. "ఏందీ సారు, మేం పిచ్చోళ్ల లెక్క కనబడుతున్నమా?" అని ఒకాయన కుర్చీ ఎక్కాడు. "ఎంతకు మాట్లాడుకున్నరు, జెర చెప్పుర్రి!" అని ఇంకో గొంతు. బావ ఏమీ తోచక నా వైపు చూశాడు. చాలా చిన్న చూపు, చదువుకునే పిల్లవాడు పక్కవాడి పలక వైపు చూసినట్టు. నేను ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాను.

జీపులో కొంతదూరం వచ్చాక అడిగాడు. "గా టేపుల ఏమన్న ఉండెనా రా?" నేను ఉందన్నాను. మర్నాడు పొద్దు పొడవకముందే బోయిన్‌పల్లి వచ్చి తలుపు తట్టి, స్కూటర్ మీద నన్ను ఆ చెరువుకు తీసుకుపోయాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. బైనాక్యులర్స్ పెట్టుకుని జమ్ము వైపు చూస్తూ నిలబడ్డాడు. వెలుతురు వచ్చింది. ఒక జమ్ము కంకి మీదకి బొటనవేలంత పిట్ట ఒకటి ఎక్కి, ముక్కు తెరిచింది.

"దాని గొంతు కదులుతున్నది" అన్నాడు. "పాడుతున్నదా?"

"పాడుతోంది బావా."

"గట్టిగనా?"

"గట్టిగానే."

"మొన్న సుత పాడినయా?"

"మొన్న కూడా."

"మరి చెప్పకపోతివి?"

మీరు కావాలనే వదిలేశారనుకున్నానని చెప్పాను. ఆయన బైనాక్యులర్స్ దించి నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మళ్లీ వాటిని కళ్లకు పెట్టుకుని ఆ పిట్టనే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి పోతే, నవ్వుతున్నాడు. "అంటే ఇవి ఎటూ పోలే గదరా! ఈడ్నే ఉన్నయి. ఇన్నేండ్లు ఈడ్నే ఉన్నయి. మంచిగున్నయి. నేనే పోయిన" అన్నాడు. తన చెవి పోయిందని తెలిసిన పూట ఆయనకు మొదట కలిగింది సంతోషం. అలాంటి మనిషి గురించి ఆ శిక్షణ తరగతి హాల్లో కూర్చున్నవాళ్లు నవ్వారు.

ఆ మధ్యాహ్నం ఆయన రెండు పనులు చేస్తానన్నాడు. ఒకటి, చెరువు రిపోర్టు వెనక్కి తీసుకోవడం. అది ఆ పూటే చేశాడు. వేరే బృందం వచ్చి చూసింది, రోడ్డు కట్టకు అవతలికి జరిగింది, జమ్ము మిగిలింది. రెండోది, తన చెవి సన్నని గొంతుల్ని పట్టుకోలేకపోతోందనీ, కొన్నేళ్లుగా తను ఇచ్చిన జాబితాలన్నీ మళ్లీ సరిచూడాలనీ పర్యావరణ డిపార్ట్‌మెంట్‌కు రాయడం. అది రాయనివ్వకుండా ఆపినవాణ్ణి నేను. డాబా మీద ఎండలో ఆయన్ని కూర్చోబెట్టి, మెల్లగా, తెలివిగా మాట్లాడాను. "బావా, అమ్ముడుపోయాడన్న మాట ఆరు నెలల్లో మర్చిపోతారు. మన పనిలో అది ఎవర్ని అనలేదు? చెవి వినబడదన్న మాట మర్చిపోరు. పాత రిపోర్టులన్నీ తిరగదోడతారు. కంపెనీ ఉండదు" అన్నాను. అంతటితో ఆగలేదు. మా ఆవిడకు నెలలు నిండుతున్నాయని కూడా అన్నాను. ఆయన చెవి వెనక వేలితో రాసుకున్నాడు. "నేను దొంగను కాదని చెప్పుకోవద్దంటవు" అన్నాడు. "సరే రా. నీ ఇల్లు సుత నడవాలె గదా" అని లేచి, కాలికి తగిలిన వడియాల చీర సరిచేసి కిందికి పోయాడు.

నేను చెప్పింది సగం నిజమైంది. కంపెనీ నిలబడింది. ఇంకా చెప్పాలంటే గిరాకీ పెరిగింది. ఆయన చెప్పినట్టు రాసిచ్చే మనిషని పేరు రావడంతో, అంతకుముందు మా గడప తొక్కనివాళ్లు మిఠాయి పొట్లాలతో మెట్లెక్కి వచ్చారు. ఆయన అందరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి, పని లేదని పంపేసేవాడు. "వీళ్లందరికి చెవులు మస్తుగున్నయి రా. పుకారైతే మంచిగ వినవడుతది" అనేవాడు. పిట్టల పని పూర్తిగా మానేసి చెట్ల పని మొదలుపెట్టాడు. చెట్లు అరవవు, తనకు సరిపోయాయనేవాడు. నేను చెప్పిన మిగతా సగం అబద్ధమైంది. ఆరు నెలల్లో ఎవరూ మర్చిపోలేదు. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం, యూదా యేసును అమ్ముకున్న ముప్ఫై వెండి నాణేల మీద వచ్చింది. చెప్పేవారి మనసులో ఏముందో దేవుడికి తెలుసు గానీ, ముందు బెంచీల్లో నాలుగైదు తలలు క్వైర్ వైపు తిరిగాయి. బావ కీర్తనల పుస్తకం పేజీ సరిచేసుకుని, తన వంతు రాగానే లేచి పాడాడు. ఒక్క స్వరం కూడా తప్పలేదు. పక్కనే హార్మోనియం ముందు కూర్చున్న అక్క చెయ్యి మాత్రం ఒకచోట తప్పింది. రాష్ట్రం రెండు కావడం చూడకుండానే ఆయన పోయాడు. పోయేదాకా ఆ మాట నాతో మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది.

మొన్న ఇదంతా రాసి చిలకలగూడ పోయి అక్కకు చదివి వినిపించాను. నా కంపెనీకి దీనివల్ల ఏమవుతుందో ఆమెకు తెలుసు, నా కొడుకు ఇప్పుడు అందులోనే ఉన్నాడు. ఆ ఏళ్ల మా జాబితాల్లో చిన్న పిట్టల లెక్కను ఎవరూ నమ్మవద్దనీ, అవి తగ్గినట్టు కనిపించడం మా లోపమే తప్ప నిజం కాదనీ, నా సంతకంతో డిపార్ట్‌మెంట్‌కూ, ఆ జాబితాలను పాఠాల్లో వాడుకుంటున్న కాలేజీలకూ అప్పటికే పంపేశానని చెప్పాను. ఆ శిక్షణ ఇచ్చిన కుర్రాడికి ఫోన్ చేసి, మళ్లీ తరగతి పెట్టినప్పుడు నాకు ఒక గంట కావాలన్నాను. సరేనన్నాడు. ఎందుకని అడిగాడు. వచ్చి చెప్తానన్నాను.

అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇప్పుడు చెప్తే ఆయనకేం ఒరుగుతుందిరా తమ్ముడూ?" అంది.

"ఏమీ ఒరగదక్కా. అయినా చెప్తాను."

"అప్పుడు ఆయనా ఇట్లాగే అన్నాడు. నువ్వు విన్లేదు" అంది. అది నిజం. తర్వాత, చదివినదాంట్లో ఒక మార్పు చేయమంది. "చెవిటివాడు అని మాత్రం ఎక్కడా రాయకు. రైలు కూత వినబడేది. నా తిట్లు వినబడేవి, వినబడనట్టు ఉండేవాడు అంతే. సన్నవి ఒక్కటే వినబడేవి కావు. అట్లా రాయి." అట్లాగే రాశాను. ఇంకా ఎవరికైనా అనుమానముంటే మళ్లీ చెప్తున్నాను. ఆ ఏళ్లలో జమ్ము పిట్టలు ఎక్కడికీ పోలేదు, మా బావ ఎవరికీ అమ్ముడుపోలేదు. కాలం మన దగ్గర్నుంచి ఏదైనా పట్టుకుపోయేటప్పుడు, అది లోకంలోంచే పోయిందని మనల్ని నమ్మిస్తుంది. మా బావ అది నమ్మి చిన్న పిట్టల కోసం బాధపడ్డాడు, నేను నమ్మి ఆయన నిజాయితీ పోయిందనుకున్నాను.